‘చూద్దాంలే’ అన్నవాళ్ల ఇళ్లకు మా పెద్దమ్మ

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్లుగా చొక్కాలకు కాలర్లు కుడుతోంది. అసలు పేరు మేనేజరుకు కూడా గుర్తుండదు, ఫ్యాక్టరీ అంతటికీ ఆవిడ కాలరక్క. నోరు పెద్దది. వంకర కాలర్ కంటబడితే ఎవరు కుట్టారని కూడా అడగదు, బ్లేడు తీసుకుని పర్రున విప్పేస్తుంది. పక్క మిషన్ మీద కఫ్‌లు కుట్టేది నేనే కాబట్టి ఆవిడ తిట్లలో సగం వాటా నాదే.

మా కటింగ్ గదిలో పనిచేసే ఇరవై మందీ పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు. గుడ్డ కోసేది వాళ్లు, కుట్టేది మేము. వాళ్లలో ఒక పిల్లకు కత్తి మిషన్ కింద రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. మాలో ఎవరికైనా అలా జరిగితే యూనియన్ వైద్యం చేయిస్తుంది, ఉద్యోగం పోకుండా చూస్తుంది. కానీ పరాయి దేశం వాళ్లను చేర్చుకోకూడదని మా యూనియన్ రూలు. మూడో రోజుకల్లా ఆ పిల్ల వేళ్లకు గుడ్డపీలిక చుట్టుకుని పనిలోకి వచ్చేసింది. రాకపోతే పంపించేస్తామన్నారట. పెద్దమ్మ ఆ పీలిక చూసింది. రూలు మార్చాల్సిందేనని మీటింగులో అరిచి మరీ ఓటు పెట్టించింది. ఆ ఓటుకు పది రోజులు గడువిచ్చారు.

సరేనన్నవాళ్లు కొందరు, చచ్చినా కుదరదన్నవాళ్లు కొందరు. “ఈ రెండు రకాలతో నాకు పనిలేదే. ‘చూద్దాంలే’ అన్నవాళ్లు కావాలి నాకు” అంది పెద్దమ్మ నాతో. లెక్క తీస్తే నలభై మంది తేలారు. పని దిగాక ఇద్దరం వాళ్ల ఇళ్ల మీద పడ్డాం.

మొదటి ఇల్లు కాజా బాబాయిది. బొత్తాలు పట్టే కాజాలు కుట్టే మిషన్ ఆయనది, పేరూ అలాగే వచ్చింది.

“వాళ్లు తక్కువ కూలికి చేస్తున్నారక్కా. రేపు మన కూలీ తగ్గిస్తే? చూద్దాంలే” అన్నాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. “వేళ్లు తెగిన పిల్లను చూశాక కూడా చూద్దాంలే అంటావా? అసలు నీకు మనసనేది ఉందా?”

ఆయన లేచి తలుపు దాకా వచ్చాడు. మేం గడప దాటగానే తలుపు వేసేసుకున్నాడు. ఆ సాయంత్రం మరో రెండు తలుపులు కూడా అలాగే మూసుకున్నాయి.

మెట్లు దిగుతుంటే నాకు ఒళ్లు మండింది. “కాలర్ విప్పినట్టు మనుషుల్ని విప్పేస్తే ఎలా పెద్దమ్మా? ఉన్న ఓట్లు కూడా పోతాయి” అన్నాను. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది.

“నిజమేనే. తప్పు కనబడితే చెయ్యి ఆగదు నాకు. అలవాటైపోయింది.”

మర్నాడు మళ్లీ కాజా బాబాయి తలుపు కొట్టింది. “నిన్న నోరు జారాను తమ్ముడూ. ఇవాళ వినడానికొచ్చాను” అంది.

ఆవిడ అరగంట పాటు నోరు మూసుకుని కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. బాబాయి తన భయాలన్నీ చెప్పుకున్నాడు. చివర్లో పెద్దమ్మ ఒక్కటే అడిగింది. “నువ్వు ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నీకెవరున్నారు?”

ఎవరూ లేరన్నాడాయన. నెల రోజులు గోడౌన్‌లో అట్టపెట్టెల మీద పడుకున్నానని, నోరెత్తితే పని పోతుందని జ్వరంతోనే మిషన్ తొక్కానని చెప్పాడు.

“నాకెప్పుడూ చెప్పలేదే!” అంది వాళ్లావిడ.

“వాళ్లూ అంతే తమ్ముడూ” అంది పెద్దమ్మ. “తక్కువ కూలి ఇష్టమై కాదు, నోరెత్తలేక. యూనియన్‌లో చేరితే వాళ్లదీ మనదీ ఒకటే రేటు. ఇంక నీ కూలికి పోటీ ఎక్కడిది?”

“చూద్దాంలే అక్కా” అన్నాడాయన మళ్లీ.

ఇంక తిట్లు మొదలవుతాయనుకున్నాను. పెద్దమ్మ మాత్రం పళ్ల బిగువున ఓర్చుకుని “చూడు, తొందరేముంది” అని వచ్చేసింది. మిగతా ఇళ్లన్నీ అదే తీరున తిరిగాం. మూసుకున్న తలుపులకు క్షమాపణ చెప్పి మరీ తెరిపించింది.

చదువురానివాళ్లు కూడా ఉంటారని మా యూనియన్‌లో ఓటంటే బొత్తామే. సరేనంటే తెల్లది, వద్దంటే నల్లది, గుప్పిట్లో దాచి డబ్బాలో వేయాలి. క్యాంటీన్ బల్ల మీద కుమ్మరించి లెక్కపెడితే తెల్లవి పదకొండు ఎక్కువ వచ్చాయి. పెద్దమ్మ నమ్మక రెండుసార్లు లెక్కపెట్టించింది.

మర్నాడు ఆ పిల్ల సభ్యత్వం ఫారం పట్టుకుని వచ్చింది. పదేళ్ల సర్వీసున్నవాళ్లు ఎవరో ఒకరు పూచీగా సంతకం చేస్తేనే ఫారం చెల్లుతుంది. పెద్దమ్మ దర్జాగా కళ్లద్దాలు తగిలించుకుని, పెన్ను మూత తీసి, ఆగిపోయింది. పూచీ గడిలో వంకర టింకర అక్షరాలతో కాజా బాబాయి సంతకం అప్పటికే ఉంది.

“నాకంటే ముందు నిన్నెవడు పెట్టమన్నాడయ్యా?” అని ఆ చివరికి వినబడేలా కేకేసింది.

“ఎవరూ అనలేదక్కా. పూచీకి ఎవరూ రారేమోనని గేటు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడింది పిల్ల. నేనే ఫారం అడిగి తీసుకుని సంతకం పెట్టాను” అన్నాడాయన, మిషన్ మీంచి తలెత్తకుండా.

పెద్దమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే, యూనియన్ సెక్రటరీ ఫారం మీద ముద్ర కొట్టి, ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి లేచాడు.