లేని వేలు మండిన మధ్యాహ్నం

నేను ఝరాసంగం వైపు ఒక ప్రభుత్వ బడిలో సైన్స్ చెబుతాను. దయ్యాలు, గాలి సోకడం, దిష్టి తగలడం, ఇవేవీ నేను ఏనాడూ నమ్మలేదు. పిల్లలు భయపడుతూ ఏ కథ మోసుకొచ్చినా దాని వెనకున్న కారణం వెతికి చూపించడం నా అలవాటు. ఈ ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ చూపించలేకపోతున్నాను.

మా చెల్లెలు సుజాత జహీరాబాద్‌లో కరెంటు లైన్‌మన్. ఆడపిల్లే అయినా ఉద్యోగం పేరు అదే. స్తంభం ఎక్కే పరీక్ష రోజు చాలామంది మగపిల్లలు సగం నుంచే దిగిపోతే, తను పైదాకా ఎక్కి మా వైపు చూసి చెయ్యి ఊపింది. ఆ రోజు నుంచి ఎవరు పలకరించినా ముందు ఆ మాటే చెప్పేదాన్ని.

రెండేళ్ల కిందట, వానల్లో, సరఫరా ఆపించుకున్నాకే ఒక స్తంభం ఎక్కింది. పెద్ద గాలి వచ్చి పక్క లైన్ తీగ ఊగి తను పట్టుకున్న తీగకు తాకింది. కరెంటు కుడిచేతిలోంచి దూరి ఎడమపాదంలోంచి పోయింది. నడుముకు కట్టుకున్న బెల్టు వల్ల కింద పడలేదు. తోటి లైన్‌మన్ మల్లేశన్న ఆ లైన్ కూడా ఆపించాకే పైకెక్కి తనను దించాడు.

ఇక్కడి దవాఖానలో సెలైన్ పెట్టి, గుండె పరీక్ష చేసి హైదరాబాద్ పంపారు. అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ తప్ప నాకేమీ కనిపించలేదు. ఇంతేనా అనుకున్నాను. కరెంటు కాలిస్తే బయట కనిపించేది తక్కువ, లోపల కాలేది ఎక్కువ అని అక్కడి డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. కాలిన కండరాల వల్ల మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. ముంజేయి వాచి రాయిలా అయితే, రక్తం ఆడడానికి దాన్ని పొడవునా కోశారు. నాలుగో రోజుకు చిటికెన వేలు నల్లబడింది. తీసేయక తప్పలేదు. తరవాత తొడ మీది చర్మం తీసి అరచేతికి అతికించారు.

వేలు తీసేశారని తెలిశాక తను ఏడుస్తుందని నేను సిద్ధంగా కూర్చున్నాను. తను డాక్టరును ఒకే మాట అడిగింది.

“తొమ్మిది వేళ్లతోని పోల్ ఎక్కొచ్చా సార్?”

“ముందు పిడికిలి బిగించమ్మా, తరవాత చూద్దాం,” అన్నాడాయన.

ఆ పిడికిలికి ఐదు నెలలు పట్టింది. కొత్త చర్మం ముడుచుకుపోకుండా రోజంతా బిగుతు గ్లవ్ వేసుకునేది. కొబ్బరినూనె రాసి, ఒక్కో వేలూ వంచుతుంటే కళ్లలోంచి నీళ్లు కారేవి, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. తరవాత జొన్నపిండి ముందేసుకుని కూర్చుంది. మొదటి రొట్టె నాలుగు ముక్కలైంది. ఆ నాలుగూ నేనే తిన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ తిండి తినలేదు.

తీసేసిన వేలు అప్పుడప్పుడూ దురద పెడుతోందనేది. చాలామందికి అలా అనిపిస్తుందని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. దురదే, మంట అని ఒక్కసారి కూడా అనలేదు.

ఏడాది తిరిగేసరికి ఆఫీసులో కూర్చునే పనికి వెళ్లింది. అప్పుడే ఒక ఆదివారం, పన్నెండున్నరకి, ఇద్దరం స్కూటీ మీద మొగుడంపల్లి వైపు చుట్టాలింటికి బయల్దేరాం. బండి నేను నడుపుతున్నాను. ముందు ఒక మలుపుంది, దాని అవతల ఏముందో కనిపించదు. వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది.

“అక్కా, నా వేలు మండుతుంది. లేని వేలే. మస్తు మండుతుంది.”

ఆపనా అని అడిగితే వద్దు, పోనియ్యమంది. మలుపు తిరగ్గానే మల్లేశన్న స్తంభానికి నిచ్చెన వేసి రెండు మెట్లు ఎక్కి ఉన్నాడు. బండి ఆగకముందే తను దూకింది.

“మల్లేశన్నా! ఎక్కకు, దిగు!”

“లైన్ బంద్ చేపిచ్చిన చెల్లె, ఫికర్ జేయకు.”

“బంద్ జేపిస్తే చేపిచ్చినవ్. జర టెస్టర్ వెట్టు, గప్పుడు ఎక్కు.”

ఆయన విసుక్కుంటూనే దిగి, పొడవాటి కర్రకు బిగించిన టెస్టర్‌ను తీగకు ఆనించాడు. దాని దీపం ఎర్రగా వెలిగింది, అంటే తీగలో కరెంటు ఉంది. మల్లేశన్న కర్ర కింద పెట్టి, రోడ్డు పక్కన అట్లాగే కూర్చుండిపోయాడు.

తరవాత తెలిసింది, దూరంగా ఉన్న ఒక కోళ్ల ఫారం వాళ్లు మెయిన్ స్విచ్ తీయకుండానే జనరేటర్ వేశారు. ఆ కరెంటు వెనక్కి తన్ని ఆగిపోయిన లైన్లోకి వచ్చింది.

నేను సైన్స్ టీచర్ని. ఊరుకోలేదు. జనరేటర్ చప్పుడు విని ఉంటుందా? మేమున్న చోటికి ఏ చప్పుడూ రాలేదు. విన్నా, మలుపు అవతల మనిషి ఉన్నాడని ఎలా తెలుస్తుంది? ఇంట్లో తన కళ్లకు గంతలు కట్టి, వైరు పక్కన చెయ్యి పెట్టించి, స్విచ్ వేస్తూ తీస్తూ ఎన్నోసార్లు అడిగాను. ఒక్కసారీ వేలు మండలేదు. తను చెప్పినవన్నీ ఊహలే, సగం తప్పులే. డాక్టరుకు అంతా చెబితే, “నాకు తెలియదమ్మా,” అన్నాడు. అప్పటి నుంచి ఆ వేలు మళ్లీ మండలేదు.

మొన్న చలికాలం నుంచి సుజాత మళ్లీ స్తంభాలు ఎక్కుతోంది. ఆ మధ్యాహ్నం సంగతి ఎత్తితే ఎక్కువ మాట్లాడదు. వేలు మండకపోయినా, మల్లేశన్న నిచ్చెన మీద కనిపిస్తే టెస్టర్ పెట్టించేదాన్నే అంటుంది.

వేలు ఎందుకు మండిందో నాకు తెలియదు. తను చెప్పే ఈ మాట మాత్రం నమ్ముతాను.