వోల్టేజీ తప్పు కాదు, నా తప్పు

ప్రభువు నందు ప్రియమైన సహోదరులారా, మూడేళ్ల క్రితం వరకు నేను తప్పే చేయని మనిషిని! డిప్లొమా పాసైతే నా తెలివి, రెండు సబ్జెక్టులు పోతే పేపర్లు దిద్దినవాళ్ల తప్పు. పినపాక దగ్గర కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టి వైండింగ్ చేసే షాపు పెట్టాక కూడా అంతే; మోటారు నడిస్తే నా చెయ్యి, కాలితే కారణాలు నా నోట్‌బుక్కులో నంబర్లు వేసి సిద్ధంగా ఉండేవి: ఒకటి లో వోల్టేజీ, రెండు పాత స్టార్టరు, మూడు రైతు నిర్లక్ష్యం. అది చీకటి అని కూడా నాకు తెలియదు.

ఆ చలికాలం మన సంఘంలోని సుక్కమ్మక్క వాగు నుంచి చేనుకు నీళ్లు తోడే తన మోటారు కాలిపోతే తెచ్చింది. మిరప పూత మీదుంది, ఆమెకున్నది ఆ ఒక్క ఎకరమే. వైండింగ్ చేశాక తీగకు పోసిన వార్నిష్ పూర్తిగా ఆరాలి, పొగమంచు రోజుల్లో ఎండ చాలదు, పెట్టెలో బల్బులు వేసి రెండు రోజులు ఆరబెట్టాలి. చదువుకున్నవాణ్ని, అన్నీ తెలుసు, అయినా ఒక్క రోజులో చేసిస్తాడని పేరు రావాలని తెల్లారే ఇచ్చేశాను. కాలింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే తొందర, మళ్లీ కాలింది! లో వోల్టేజీ అన్నాను.

"ఏంది తమ్మీ, నీ లో వోల్టేజీకి నా మోటారొక్కటే దొరికిందా? పక్క చేను మోటారు గదే లైను మీద నడుస్తలేదా?" అన్నది. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "పూత రాలుతుంది తమ్మీ" అన్నది, అంతే.

సహోదరులారా, నా నోట్‌బుక్కు మూసేశాను! అందరూ పోయాక షట్టర్ సగం దించి మోకరించి, "ప్రభువా, కారణాలు రాసి రాసి అలిసిపోయాను, తప్పు నాదే అని చెప్పే నోరు నాకియ్యి" అని ఏడ్చాను. ఆయన ఇచ్చాడు! అదే పూట షాపులో ఉన్న నా సొంత మోటారును బండి మీద వేసుకుని వాగుకు పోయి, బిగించి, నీళ్లు పారుతుంటే, "అక్కా, వోల్టేజీ కాదు, నేనే సరిగా ఆరబెట్టలేదు" అన్నాను. "గా ముక్క మొదలే అంటే అయిపోయేది గదా!" అని ఆమె నీళ్లు మళ్లించడానికి సాళ్లలోకి పోయింది. ఆమె మోటారును మళ్లీ చుట్టి, ఈసారి రెండు రోజులు ఆరబెట్టి ఇచ్చాను. చేను నిలబడింది, దేవునికే మహిమ!

ఇప్పుడు వాగు అవతలి ఊళ్ల నుంచి కూడా మోటార్లు వస్తున్నాయి, గర్వంగానే చెబుతున్నాను, నా బల్బుల పెట్టె ఖాళీగా ఉండదు! "బాగైతే దేవుడు, చెడితే నువ్వు, ఇదేం లెక్కరా?" అని దోస్తులు ఎగతాళి చేస్తారు. లెక్క సరిగ్గానే ఉంది. తప్పు నాదని ఒప్పుకున్నాకే కదా దాన్ని దిద్దుకోవడం నా చేతికి వచ్చింది! ఆ ధైర్యం ఇచ్చింది మాత్రం ఆయనే.

అదిగో, సుక్కమ్మక్క రెండో వరుసలో కూర్చుని తలూపుతోంది. ఆమె మోటారు ఈ పొద్దున కూడా నడిచింది. మీ నాలుక మీద ఆగిపోయిన ఆ చిన్న మాట ముందు ప్రభువుతో చెప్పండి, తర్వాత ఎవరికి చెప్పాలో వాళ్ల దగ్గరికి ఆయనే మిమ్మల్ని నడిపిస్తాడు. ఆమేన్!