పసుపు పాటలో నేను దాచేసిన చరణం

ఎన్నో ఏళ్లుగా రెండు పంక్తుల పాట నా నోట్లో ఉండిపోయింది. పాడలేను, మరిచిపోలేను. అందరికీ బరువు గుండె మీద ఉంటుందంటారు, నాది నాలుక మీద ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ఉద్దానంలో ఒక ఊరు. కాస్త జీడితోట, కాసిని కొబ్బరిచెట్లు, ఒక్కతే కూతురు. దానికి పాటలు కట్టడం వచ్చు. ఎవరూ నేర్పలేదు. కుళాయి దగ్గర బిందె నిండేలోపు ఒక పాట కట్టేసేది. వాళ్ల నాన్న గురక మీద కూడా కట్టింది. అది విన్నాక పాపం ఆయన కొన్నాళ్లు నిద్రపోవడానికే జంకాడు.

ఒకరోజు పెరట్లో ఇద్దరం జీడిపప్పు పొట్టు తీస్తుంటే కొత్త పాట అందుకుంది. పెళ్లికి ముందు పసుపు దంచేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాట. ‘దంచవే వదినా పసుపు కొమ్ములు, దంచితే రాలాల బావ గొప్పలు’ అని మొదలవుతుంది. నవ్వలేక చచ్చాను. ఆఖరి చరణంలో దాని పేరు వినిపించింది.

“పాటల్లో పేర్లెడతారేటే?” అన్నాను.

“ఎట్టకపోతే ఏ ముసలమ్మదో అనేత్తారు.”

“నీ పాట దొంగతనం సెయ్యడానికి ఎవులొత్తారే?”

“ఏమో, సూడు” అంది.

ఆ మరుసటి ఏడే అది పోయింది. కిడ్నీ జబ్బు. మా వైపు ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. ఇరవై దాటిందంతే. పెళ్లి కాలేదు.

ఏడాది తిరిగాక మా తోటికోడలి కూతురి పెళ్లి వచ్చింది. వెళ్లి ఒక మూల కూర్చున్నాను. పసుపు దంచుతున్నారు. తెలిసిన పాటలన్నీ అయిపోయి, వట్టి రోకటి చప్పుడే మిగిలింది. నాకు తెలియకుండానే నా నోరు, నేను తప్ప ఎవరూ వినని దాని పాట అందుకుంది. ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. పెద్దావిడ ఒకామె రోకలి ఆపి, “ఎవుల పాటే ఇది?” అని అడిగింది.

పెళ్లి కాకుండా పోయిన పిల్ల పాటని చెబితే ఆ రోలు దగ్గర ఇంకెవరైనా రోకలి ఎత్తుతారా? శుభమా అని దంచుకుంటున్న పసుపు అది. “మా అమ్మమ్మ పాడేది” అనేశాను. మా అమ్మమ్మకు పాట మాట దేవుడెరుగు, గట్టిగా దగ్గడం కూడా వచ్చేది కాదు. మళ్లీ పాట అందుకుని, ఆఖరి చరణం దాకా వచ్చి దాన్ని మింగేశాను.

అంతే. పాట ఊళ్లు పట్టి పోయింది. కాశీబుగ్గలో పాడారు, టెక్కలిలో మైకులో పాడారు, ఆడపిల్లలు సెల్‌ఫోన్లలో పెట్టుకున్నారు. ‘మీ అమ్మమ్మ ఎంత గడుసుదో’ అని మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాను.

పాట బతకాలనే చేశానా? చాలాకాలం అలాగే నమ్మాను. కానీ కూతురు పోయిన తల్లిని పెళ్లిపనులకు పిలవడానికి మా దగ్గర జంకుతారు. పాట కోసం నన్ను పిలిచారు. ముందు వరసలో పీట వేశారు, బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ పెట్టారు. ఆ మర్యాద నాకు నచ్చింది. నిజం చెప్పి ఉంటే పాటతో పాటు నేనూ మూలకు పోయేదాన్నని నాకు తెలుసు. దాని పేరు తీసేసి, ఆ చోట్లో నేను కూర్చున్నాను. ఇదీ నేను చేసిన పని.

ఇంకో సంగతి చెబితే మీరు ఏమనుకుంటారో. నేను సంతోషంగానే ఉన్నాను. ఎక్కడో ఒక ఇంట్లో పసుపు దంచుతుంటే, ముక్కూ మొహం తెలియని పిల్లలు దాని మాటలకు నవ్వుతుంటే, నా కడుపు నిండిపోతుంది. తప్పు చేసిన మనిషికి ఇంత తృప్తి ఉండొచ్చా? నాకైతే ఉంది.

మొన్న పూండిలో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి చెల్లెలు నా పక్కన కూర్చుని, “పిన్నీ, ఈ పాట సివర్ల తెగిపోయినట్టుంటాది, ఏటి?” అంది. “మా అమ్మమ్మకి అక్కడికే వచ్చేది” అని మళ్లీ అబద్ధమాడాను. ఆ పిల్ల నమ్మలేదు. పాట తెలిసినవాళ్లను మోసం చేయడం కష్టం. ఇంటికొస్తుంటే భయమేసింది. ఆ చరణం నా ఒక్కదానికే వచ్చు. నేను పోతే అదీ నాతోనే పోతుంది.

అందుకే రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించాల్సిన పిల్ల లేదు. ఇక మీద మీ ఇంట్లో ఈ పాట పాడతారో, అశుభమని మానేస్తారో మీ ఇష్టం. పాడితే మాత్రం పూర్తిగా పాడండి.

దంచవే వదినా ఆఖరి పోటు,
పాట కట్టిన పార్వతికి పందిట్లో చోటు.

పార్వతి. మా అమ్మాయి.