డోజరుకు కప్పిన బొంత

మా ఆయన నడిపే డోజరు పాతది. ఉదయగిరి కొండ కింద చేలు చదును చేసి చేసి దాని బ్లేడు అరిగిపోయింది. ఎండాకాలం బాగానే పలికేది. మార్గశిరం వచ్చి మంచు పడితే మాత్రం ఇంజనులో ఆయిలు చిక్కబడిపోయేది. దాన్ని తిప్పే సత్తువ ఆ ముసలి బ్యాటరీకి ఉండేది కాదు. అందుకని పొద్దున్నే నీళ్ల పొయ్యిలోని నిప్పులు ఇనపతట్టలో ఎత్తుకుపోయి ఇంజను కింద పెట్టేదాన్ని. కాసేపు కాగితే కదిలేది.

చలికి మొరాయిస్తోందని పనులు వేరేవాళ్లకు పోతుంటే, ఆత్మకూరులో ఉండే ఓనరు విసిగిపోయాడు. పాత ఇనుము కొనే ఆయన్ను వెంటబెట్టుకుని వస్తానని ఫోను చేశాడు.

"రేప్పొద్దున స్టార్టయితే ఉంచుతా మామా. లేకుంటే కోయించేస్తా."

మా ఆయనకు అన్నం సహించలేదు. ఆ వయసులో కొత్త మిషను ఆయన చేతికి ఎవరిస్తారు?

మర్నాడు నిప్పులు పెట్టి, వేడి పోకుండా మేం కప్పుకునే బొంత తెచ్చి ఇంజను చుట్టూ కప్పాను. ఇంతలో ఓనరు కారు వచ్చింది. మా ఆయన గబగబా డోజరు ఎక్కాడు. నేను తట్ట లాగేశాను, బొంత మరిచాను. ఇంజను పలికీ పలకగానే ఫ్యాను బొంత కొసను లోపలికి లాక్కుంది. పేలికలు ఎగిరాయి. అంతా ఆగిపోయింది.

"బొంత తీయలేదా నువ్వు?"

"చూసుకోకుండా తిప్పితివే!"

ఓనరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీళ్లు గూడా పోసినావా అత్తా, బాలింతకు పోసినట్టు?"

"ఇంకేం లేస్తాదిలే, లారీ పిలిపిస్తా" అన్నాడు ఇనుము కొనే ఆయన.

ఓనరు చొక్కా చేతులు మడిచి మా ఆయన పక్కన గొంతుక్కూర్చుని, కొడవలితో ఫ్యానుకు చుట్టుకున్న పేలికలు కోశాడు. బ్యాటరీకి ఇంకొక్కసారికే జీవముందని మా ఆయన గొణిగాడు. నేను మళ్లీ నిప్పులు తెచ్చాను. ఓనరే వంగి, కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఊదుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడు తిప్పు మామా."

డోజరు దగ్గింది, మూలిగింది, నల్లటి పొగ కక్కి అందుకుంది.

ఓనరు మసి చేతులతోనే ఇనుము కొనే ఆయనకు దండం పెట్టాడు. "పోయిరా అన్నా. నేనే ఊది లేపినాను, ఎట్టా కోసేది?"

ఆ చలికాలమంతా దానికి గోనెపట్టా కప్పాను. దాని కొస తెచ్చి ఆయన లీవరుకు కట్టేదాన్ని. ముడి విప్పందే ఆయన డోజరు ముట్టుకోలేడు.