ఆ మాట దగ్గర థియోలా ఆగేది

నా భార్య థియోలా పాఠం చెబుతున్నప్పుడు బయట నిలబడి వింటే, ఒక్కోసారి లోపల ఎవరూ లేరేమో అనిపించేది. బెల్ క్రీక్ హైస్కూల్లో పదకొండో తరగతికి నూరేళ్ళ కిందటి నవల ఒకటి పాఠ్యపుస్తకంగా ఉండేది. పడవ నడుపుకునే ఒక తెల్ల విధవరాలు, పత్తి తోట నుంచి పారిపోయి వచ్చిన నల్ల బానిసను దాచి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు అబద్ధం చెప్పి, ఏరు దాటించడానికి పూనుకుంటుంది. ఇంత చేస్తూ కూడా అతన్ని పేరు పెట్టి పిలవదు. తరతరాలుగా తెల్లవాళ్ళు మా నల్లవాళ్ళను ఏ తిట్టుమాటతో పిలిచారో ఆ మాటతోనే పిలుస్తుంది.

"ఈవిడ మంచిదా, కాదా?" అని థియోలా ఏటా పిల్లల్ని అడిగేది. ప్రాణాలకు తెగించింది కదా అని కొందరు, కుక్కకైనా పేరుంటుంది కదా అని కొందరు గంట కొట్టేదాకా పోట్లాడుకునేవారు.

ఆమె తరగతిలో ఒక నియమం ఉండేది. పిల్లలు వంతులవారీగా పుస్తకం పైకి చదవాలి. ఆ మాట వచ్చినచోట ఆగాలి. పలకకూడదు, దాటెయ్యకూడదు, బదులుగా ఇంకో మాట పెట్టకూడదు. అందరూ పేజీలో దాన్ని చూస్తూ ఒక నిండు ఊపిరి తీసి వదలాలి. ఆ తర్వాతే ముందుకు.

ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది 1987 వసంతంలో ఒక ఆదివారం.

దానికి కొన్నాళ్ళ ముందు, మా చర్చి పెద్దల్లో ఒకడైన లూథర్ టాగర్ట్ మా వాకిట్లోకి వచ్చాడు. రంపపు మిల్లు నుంచి నేరుగా వచ్చాడేమో, చొక్కా నిండా పొట్టు. ఆయన కూతురు రెనీటా థియోలా దగ్గరే చదివేది.

"మా పిల్లను బడి వరండాలో ఒక తెల్ల కుర్రాడు ఆ మాటతో పిలిచాడు, సిస్టర్. అదేంట్రా అంటే, మీ టీచర్ పుస్తకంలో ఉందిగా అన్నాడట."

"వాడు ఆ మాట నా పుస్తకంలో నేర్చుకోలేదు, బ్రదర్. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు."

"ఎక్కడి నుంచి తెచ్చుకుంటేనేం? సంచి మూతి విప్పింది నువ్వు."

అక్కడితో ఆగలేదు. పుస్తకం తీసెయ్యమని ఆయన చర్చిలో సంతకాలు మొదలుపెట్టాడు. బడి ప్రిన్సిపాల్ తెల్లవాడు. థియోలాను పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు: "మీ చర్చివాళ్ళే వద్దంటే నేను చేయగలిగేదేమీ లేదు. పుస్తకమూ ఉండదు, వచ్చే ఏడాదికి మీ కాంట్రాక్టూ ఉండదు." ఆ బడిలో ఇంగ్లిషు చెప్పే నల్ల టీచరు ఆమె ఒక్కతే.

మా చర్చి పాస్టరు రెవరెండ్ పెటిగ్రూ ఎటూ తేల్చకుండా, "సంతకాలకు ముందు ఆమె ఏం చదివిస్తోందో మనమూ విందాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడే చదవమనండి. తరగతిలో ఎలా చదువుతారో అలాగే" అన్నాడు.

అసలు కష్టం మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ ఓజెల్లాను చర్చి అంతా మదర్ అని పిలిచేది, నా భార్యతో సహా. ముందు వరసలో తెల్ల టోపీలు పెట్టుకుని కూర్చునే ముసలి ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. ఆమె లేస్తే ఆ టోపీలన్నీ లేస్తాయి, వాటి వెనక చర్చి అంతా లేస్తుంది. ముప్పై ఏళ్ళు తెల్లవాళ్ళ వంటిళ్ళలో పనిచేసిన మనిషి. పుస్తకం సంగతి విన్న నాటి నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది.

"ఐసమ్, ఆ ఉప్పు ఇటు ఇమ్మని నీ భార్యకు చెప్పు" అనేది. థియోలా పక్కనే కూర్చుని ఉండేది.

శనివారం సాయంత్రం నేను ఉండబట్టలేక అన్నాను: "ఈ ఒక్క ఏడాదీ వదిలెయ్యి. వేరే పుస్తకాలే లేవా?"

థియోలా మరునాటి జాకెట్టు ఇస్త్రీ చేస్తోంది. "ఉన్నాయి. ఈ ఊళ్ళో వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ ఒకే గదిలో, ఒకే మాట ముందు నోరు మూసుకుని కూర్చునే చోటు ఇంకోటి చూపించు, వదిలేస్తాను."

ఆదివారం చర్చి కిక్కిరిసింది. శవపేటికల దుకాణం వాళ్ళు పంచిన అట్ట విసనకర్రలు టపటప ఊగుతున్నాయి. థియోలా పుస్తకం తెరిచింది. మా చర్చిలో ఎవరేం చదివినా జనం ఊరికే వినరు, జవాబు చెబుతారు. బానిస బురదలో పాకుతూ ఏటి ఒడ్డుకు వస్తుంటే, "పాకు నాయనా!" అని వెనక నుంచి ఒకాయన అన్నాడు. కుక్కల అరుపులు వినిపించగానే, "దాచు ప్రభువా, దాచు!" అంది ఒకావిడ. కథలో మనిషన్న సంగతే మరచిపోయారు.

పడవ నడిపే ఆవిడ అతన్ని చూసి నోరు విప్పింది. థియోలా ఆగింది.

మా వాళ్ళ అలవాటు ఏమిటంటే, పైన నిలబడ్డ మనిషికి గొంతు పూడుకుపోతే కింద నుంచి ధైర్యం చెబుతారు. ఆమె దుఃఖంతో ఆగిందనుకున్నారు. "నిదానంగా తల్లీ, నిదానంగా!" "తొందరేం లేదు, బిడ్డా!" అని నాలుగు వైపుల నుంచీ గొంతులు లేచాయి. థియోలా ఊపిరి తీసి వదిలి, ముందుకు చదివింది.

రెండోసారి ఆగింది. ఈసారి ఒకరిద్దరే "నిదానంగా" అన్నారు. వాళ్ళ గొంతులూ మధ్యలోనే తెగిపోయాయి. మూడోసారికి విసనకర్రలు కూడా ఆగిపోయాయి. ఎవరూ పలకని ఆ మాట పైకప్పు దాకా నిండిపోయింది.

ఆమె పుస్తకం మూసింది. టాగర్ట్ లేచాడు.

"బాగుంది, సిస్టర్. కానీ నీ గదిలోని మౌనం వరండాలో మా రెనీటాకు అక్కరకు రాలేదు."

"అది నిజమే, బ్రదర్" అంది థియోలా. అందుకు నాకు కోపం వచ్చింది. ఒక్క ముక్కైనా ఎదురు చెప్పొచ్చు కదా!

"సంతకం పెట్టేవాళ్ళు లేవండి" అన్నాడు రెవరెండ్.

వెనక కొందరు లేచారు. ముందు వరసలో మా అమ్మ బల్ల అంచు పట్టుకుంది, మోకాళ్ళ నొప్పితో మెల్లగా లేచింది. ఆమె వెంట తెల్ల టోపీలు కదిలాయి.

"మీరు కూర్చోండమ్మా, నేను లేచింది సంతకానికి కాదు" అంది మా అమ్మ, అటూ ఇటూ చూసి. తర్వాత తలెత్తి కోడలిని అడిగింది: "తెల్ల పిల్లలు కూడా ఆగుతారా?"

"ఆగుతారు, మదర్. ఆగకపోతే మళ్ళీ పేజీ మొదటి నుంచి చదివిస్తాను."

"అప్పుడు వాళ్ళ మొహాలు చూస్తావా?"

"చూస్తాను. కొందరు గోళ్ళు చూసుకుంటారు. కొందరు నా వంక చూస్తారు, ఎప్పుడు వదిలిపెడతానా అని."

మా అమ్మ రెవరెండ్ వైపు తిరిగింది. "ముప్పై ఏళ్ళు ఆ మాట విన్నాను, రెవరెండ్. పొయ్యి దగ్గర విన్నాను, వాళ్ళ పసిపిల్లలకు పాలు పడుతూ విన్నాను. అన్నవాళ్ళెవరూ ఒక్కసారైనా మధ్యలో ఆగలేదు. ఈ పిల్ల ఆపిస్తోంది. నేను సంతకం పెట్టను."

కూర్చుంది. వెనక లేచినవాళ్ళలో చాలామంది కూర్చున్నారు. టాగర్ట్ కూర్చోలేదు. ఆయన సంతకం చేశాడు, ఇంకొందరు చేశారు, కానీ ప్రిన్సిపాల్‌కు చూపించడానికి అవి చాలలేదు. సోమవారం నుంచి థియోలా గంట గంటకూ తన గది వదిలి, పిల్లలు తరగతులు మారే ఆ కాసేపు వరండా మధ్యలో నిలబడటం మొదలుపెట్టింది. కాళ్ళు వాచినా సరే, రిటైరయ్యేదాకా మానలేదు.

ఆ ఆదివారం కారులో మా అమ్మ నా పక్కన కూర్చుంది, థియోలా వెనక కూర్చుంది. మిల్లు మలుపు వచ్చింది.

"ఐసమ్, ఆ మనిషి ఏరు దాటాడో లేదో నీ భార్యను అడుగు" అంది అమ్మ.

"నువ్వే అడగొచ్చుగా అమ్మా!"

ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు దాని అంచులు సర్దింది. ఆ తర్వాత కష్టం మీద మెడ వెనక్కి తిప్పింది.

"థియోలా, నాకు చూపు ఆనడం లేదు. భోజనాలయ్యాక మిగతాది చదువు."

"ఇంకా చాలా ఉంది, మదర్. ఆ మాట కూడా చాలాసార్లు వస్తుంది."

"రానీ, ఆగుదాం" అంది మా అమ్మ.