మగ్గం గుంత దాకా నెట్టు

"మీకసలు మగ్గం ఉందా అండీ?" అని చీర కొనాలనుకున్న హైదరాబాదు ఆవిడ ఫోనులో అడిగిన మాట, నీళ్ళు తాగడానికి పెరట్లోకి వచ్చిన మా మామ చెవిన పడింది. ఫోను స్పీకరులో పెట్టిన దాన్ని నేనే. నాలుక కరుచుకుని ఏం లాభం?

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మామ మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తాడు, అత్త దారం కండెలు చుడుతుంది, నేను అచ్చు అతుకుతాను. అంటే, మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలివేసి కలుపుతాను. ఎన్నో ఏళ్ళుగా చీర మగ్గం దిగగానే షావుకారు తీసుకుపోయేవాడు. ఎవరు కట్టుకున్నారో, బాగుందన్నారో లేదో మాకు తెలిసేది కాదు. నేనే పట్టుబట్టి, ఫోనులో చూపించి నేరుగా అమ్మడం మొదలుపెట్టాను. కొనేవాళ్ళందరిదీ ఒకటే కోరిక, చీరను మగ్గం మీద ఉండగా చూడాలని. మరమగ్గం చీరను చేనేత అని అంటగట్టేవాళ్ళు అంతటా ఉన్నారు కదా, వాళ్ళ అనుమానం వాళ్ళది.

రౌటరేమో ముందు గదిలో ఉంది. మగ్గమేమో పెరడు దాటాక, బండలతో కట్టిన పాత గదిలో ఉంది. మా ఊరి ఎండే దూరలేని గోడలవి, వైఫై ఏం దూరుతుంది! ఫోను సిగ్నలు కూడా అంతంతమాత్రమే. వీడియో కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గడపలో కాలు పెడతానో లేదో, బొమ్మ బిగుసుకుపోయేది. మగ్గం దగ్గరికి వెళ్ళగానే ప్రతిసారీ కట్ అవుతుంటే ఆవిడకు అనుమానం రాక ఏమవుతుంది?

మామ చెంబు కింద పెట్టాడు.

"నా సత్తువంతా ఆ గుంతలోనే పాయె. నాకు మగ్గం ఉండాదా అని అడుగుతాందా? చాలమ్మా. ఈ చీర దిగినాక మళ్ళా షావుకారికే నేస్తా. ఆ ఫోను నా ముందరికి తేవద్దు" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అని లోపలికి పోయాడు. నాకు కడుపు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ గోడ మీద. ఇంత మంచి నేతగాడిని ఒక బండగోడ అబద్ధాలకోరును చేస్తుందా?

నెట్టు కనెక్షను ఇచ్చినతన్ని పిలిచాను. "ఇంకా పెద్ద ప్లాన్ ఏసుకో అక్కా" అన్నాడు.

"స్పీడు పెంచితే గోడ పల్చబడతాదా ఏమప్పా?" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఇక నేనే ఫోనులో వెతికి వెతికి తెలుసుకున్నాను. మెష్ అని రెండు డబ్బాలు వస్తాయి. ఒకటి పాత రౌటరు పక్కన, ఇంకొకటి మగ్గం గదిలో పెట్టాలి. రెండూ కలిసి ఒకే వైఫైగా పనిచేస్తాయి. కానీ గాలిలో కలుపుదామంటే మళ్ళీ ఆ గోడే అడ్డం. మధ్యలో వైరు ఉండాల్సిందే. గోడకు రంధ్రం వేయిద్దామా అంటే, మగ్గం మీద పట్టు ఉంది. దాని మీద రాతిదుమ్ము పడితే ఇంకేమైనా ఉందా!

అప్పుడు గుర్తొచ్చింది పైపు. పెరట్లో బోరు బతికున్న రోజుల్లో మగ్గం గదిలోని తొట్టికి నీళ్ళు పోయిన పైపు భూమిలో అలాగే ఉంది. బోరు ఎండిపోయాక అందులోంచి టీవీ వైరు లాగించారు. ఆ టీవీ ఎప్పుడో మూలపడింది, వైరు మాత్రం మిగిలింది. ఆ వైరు కొసకు కొత్త వైరు కొస అతికి అవతలి నుంచి లాగితే? అరే, నేను రోజూ చేసే పనే కదా ఇది! ఇంత సేపు ఎందుకు తట్టలేదో.

ఆ డబ్బాలూ, కొసలకు ప్లగ్గు తలలు బిగించని నెట్టు వైరూ, ముందు గది దాకా సరిపోయేంత పొడవుది, తెప్పించాను. ముడి వేస్తే పైపులో తట్టుకుంటుందని, రెండు కొసల్నీ సన్నగా చీల్చి, ఒకదానిలో ఒకటి మెలివేసి, పైన టేపు చుట్టాను.

"లాగేదానికి మనిషి కావాల, మామా" అన్నాను.

మూతి ముడుచుకునే వచ్చి మగ్గం గదిలో కూర్చుని లాగాడు. సగం పోయాక ఆగిపోయింది.

"బిగుసుకునిందమ్మా!"

"గుంజొద్దు మామా!" అని ఇవతలి నుంచి కేక వేశాను. తెగిందంటే పాత వైరు ఆయన చేతిలోకి పోతుంది, కొత్తది పైపులో సమాధి అవుతుంది. "కొంచెం వదులు చేసి మళ్ళా మెల్లగా లాగు, పోగు లాగినట్ల." నా చేతిలో వైరు కదిలింది. వచ్చేసింది!

వైరులో రంగురంగుల పోగులు ఎనిమిది. వాటిని వరస తప్పకుండా తలలో బిగించాలట. వేల పోగులు అతికిన వేళ్ళకు ఎనిమిది పోగులు ఒక లెక్కా?

కానీ రెండో డబ్బాలో లైటు ఎర్రగానే ఉంది. "ఏమ్మా ఇంజనీరమ్మా, దీపం పెట్టుకొని కూర్చున్నావే" అని అప్పుడే బయటినుంచి వచ్చిన మా ఆయన ఎకసెక్కం. ఉడుక్కుంటూనే మళ్ళీ చూశాను. తప్పు నాదే. ఇంటికి పెద్దది అదేకదా అని మగ్గం గది వైరును పాత రౌటరుకే తగిలించాను. పాత రౌటరు వైరు మొదటి డబ్బాకు, మొదటి డబ్బా వైరు రెండో డబ్బాకు పోవాలి. మార్చి పెట్టాను. పాత రౌటరు వైఫైని ఆపేశాను, లేకపోతే ఫోను దాన్నే పట్టుకుని వేలాడుతుంది. లైటు పచ్చగా వెలిగింది. నేను పెట్టిన కేకకు అత్త కండె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

హైదరాబాదు ఆవిడకు నేనే ఫోను చేశాను. రోషం ఊరుకుంటుందా! "చూస్తూ ఉండండి మేడం, నడుస్తున్నాను" అని పెరడు దాటాను. గడపలో కాలు పెట్టాను. బొమ్మ చెక్కుచెదరలేదు. గుంతలో మామ కాళ్ళు, చేతిలో అడ్డపోగు నేసే నాడె, సగం దిగిన మామిడిపిందెల అంచు, అన్నీ కనిపించాయి ఆవిడకు. మామ తలెత్తలేదు.

ఆవిడ, "పెద్దాయనా, ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను. ఈ చీర నాకే ఇవ్వండి" అంది.

"ఇది ఇయ్యను" అన్నాడు మామ టక్కున.

మగ్గం ఆపి, ఫోను వైపు తిరిగాడు. "దీనికి వేరేవాళ్ళకు మాటిచ్చినా. నీకు కొత్త అచ్చులో మొదటి చీర నేస్తా. మొదటి పోగు కాడ్నుంచి చూసుకో. ఏ పొద్దు ఫోను చేసినా సరే తల్లీ, నేను ఈడనే ఉంటా."