నా పార్సెల్ కబురు నా ఫోన్‌కే రావాలని దిల్‌సుఖ్‌నగర్ దాకా

మన్సూరాబాద్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. పైన నేను, కింద మా తోటికోడలు యాదమ్మ. కరీంనగర్‌లో ఉండే నా బిడ్డ ఆన్‌లైన్‌లో నాకు ఏది పంపినా, ఆ కబురు యాదమ్మ ఫోన్‌కే వచ్చేది. తెలియని నంబర్ ఎత్తితే బ్యాంకులో డబ్బులు పోతాయని విన్నప్పటి నుంచి నేను ఫోన్ మోత ఆపేసి పెట్టుకున్నాను. అందుకని బిడ్డ యాదమ్మ నంబర్ ఇచ్చింది. ఉగాదికి చీర పంపితే, నేను గుడి నుంచి వచ్చేసరికి యాదమ్మ దాన్ని విప్పి, మెట్ల మీద పరిచి, ఎదురింటివాళ్లకు చూపిస్తోంది. "అక్కా, ఆకుపచ్చ నీకు మస్తుంటది" అంది. నా చీర రంగు నాకంటే ముందు వీధి చూసింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు బోనాలకు మళ్లీ చీర పంపానని బిడ్డ ఫోన్ చేసింది. "ఈసారి నా నంబరే పెట్టు" అన్నాను. "పెట్టిన గని, నువ్వు ఫోన్ ఎత్తకుంటే చీర వాపస్ పోతది. ఎవరితోనన్న అలర్టులు పెట్టించుకో అమ్మా" అంది. మా కాలనీలోనూ ఫోన్ల దుకాణం ఉంది. అక్కడ చేయిస్తే సాయంత్రానికల్లా యాదమ్మకు తెలుస్తుంది. అందుకే మర్నాడు పొద్దున పదింటికి, దవాఖానకు పోతున్నానని చెప్పి బయలుదేరాను.

మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు తీసుకున్నారు. దారి పొడుగునా గ్యాస్ కట్టేశానా లేదా అని ఒకటే గుబులు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. డ్రైవర్ అద్దంలో చూసి, "గట్ల పట్టుకున్నవేంది పెద్దమ్మా, ఎవరన్న గుంజుకపోతరా?" అన్నాడు.

"గుంజుకపోయేటోడు చెప్పి ఒస్తడా బిడ్డా?"

"నేనైతే గుంజుకపోనులే. నా ఫోనే నీదాని కన్న మంచిగున్నది" అని నవ్వాడు. నిజంగానే పెద్దది, మెరుస్తోంది. దానికీ నా కడుపు కాస్త మండింది.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. టికెట్ పాతిక లోపే. కదిలే మెట్లంటే నాకు భయం కాబట్టి లిఫ్టులో దిగాను. మోకాళ్ల నొప్పులున్నవారు నాలాగే లిఫ్టు ఎక్కడుందో అడిగి దిగండి. బట్టల షాపుల వెనక సందులో ఒక గుంటూరు ఆవిడ ఫోన్లు బాగుచేస్తుంది. యాదమ్మ ఫోన్‌కు అన్నీ పెట్టింది ఆవిడే, కానీ అంత దూరం నుంచి కబురు మా వీధికి రాదు. యాదమ్మకు పెట్టినవన్నీ నాకూ ఉండాలి, ఒక్కటి కూడా తగ్గకూడదు అనుకున్నాను.

ఆవిడ నా ఫోన్ తిప్పి చూసి, "ఏంటి మామ్మగారూ, అన్నిటి నోరూ నొక్కేశారు! ఇంకెలా పలుకుద్ది?" అంది. మా బిడ్డకు ఫోన్ చేసి, తన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అంకెలు అడిగి, పార్సెళ్ల యాప్ నా ఫోన్‌లో తెరిచింది. అలర్టులు వచ్చే మీట నొక్కి, మోత పెంచింది.

"యాదమ్మ ఫోన్ల గంట మోగుతది. నాకు గంతకన్న గట్టిగ మోగాలె" అన్నాను.

"వీధంతా లేచేలా పెట్టమంటారా?" అని నవ్వింది. వంద రూపాయలు తీసుకుంది.

డబ్బులిస్తుండగానే ఫోన్ గణగణమంది. నా చీర డెలివరీకి వచ్చిందట! నా జన్మలో మొదటిసారి నా పార్సెల్ సంగతి నాకే ముందు తెలిసింది. ఆ సంతోషం పూర్తిగా అనుభవించకముందే ఏదో తెలియని నంబర్. ఫోన్‌ను బల్ల మీద పెట్టేశాను. "ఎత్తండి, మీ పార్సెలే అయ్యుంటుంది" అని ఆవిడే నొక్కి నా చెవికి పెట్టింది.

"అమ్మా, మీ ఇంటి ముంగట ఉన్న. పైన తాళం ఉన్నది. పార్సెల్ వాపస్ పంపాల్నా?"

ఇంట్లో లేనిది నేనే. ఇంకేం చేస్తాను? "కింద మా యాదమ్మ ఉంటది, ఆమెకియ్యి. విప్పొద్దని చెప్పు" అన్నాను.

"విప్పొద్దని నేనెట్ల చెప్తనమ్మా? మీరే చెప్పుకోండ్రి" అని పెట్టేశాడు.

తిరుగు ప్రయాణం ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. మెట్రోలో కూర్చున్నా, ఆటోలో కూర్చున్నా, మెట్ల మీద పరిచిన చీరే కళ్లముందు. ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. యాదమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో పార్సెల్, వేసిన టేపు వేసినట్టే ఉంది.

"దవాఖాన అని పోయి ఫోన్ చేయించుకొచ్చినవా అక్కా?" అంది. నేను ఫోన్ ఎత్తి మాట్లాడానని డెలివరీ అతను చెప్పేసినట్టున్నాడు, మిగతాది తనే ఊహించుకుంది. "విప్పొద్దన్నవంట. ఇగో, నీ సొమ్ము నువ్వే చూస్కో."

పార్సెల్ అందుకుని పైకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, కత్తెరతో కోశాను. పసుపు పచ్చ, ఎర్ర అంచు. కుచ్చిళ్లు పట్టుకుని అద్దంలో చూసుకున్నాను. బాగుందా లేదా తేలలేదు. బిడ్డకు చేస్తే ఎత్తలేదు, పనిలో ఉన్నట్టుంది. కాసేపు మంచం మీద కూర్చున్నాను. తర్వాత చీర భుజాన వేసుకుని మెట్లు దిగాను.

యాదమ్మ అంచు పట్టుకుని వెలుతురులో చూసింది. "ఈ రంగు నాకైతే ఇంక మంచిగుంటుండె" అంది.

"అందుకే నా ఫోన్‌కు తెప్పించుకున్న" అన్నాను. ఇద్దరం నవ్వాం. నాకు కడుపుమంట పూర్తిగా పోయిందని చెప్పను. రేపు యాదమ్మకు మంచి చీర వస్తే మళ్లీ రగులుతుంది. కానీ మొదట చూడాలనే ఆరాటం తీరాక, చూపించుకోవడానికి ఇంకో మనిషి కావాలని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. దగ్గర ఉన్నది ఆమే.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: అలర్టులు పెట్టించుకోవాలంటే పార్సెల్ రావడానికి రెండు రోజుల ముందే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి రండి. వచ్చే రోజు మాత్రం ఇల్లు కదలకండి.